సాలూరు కుర్రాడి గొంతు

'మల్లీశ్వరి', 'విప్రనారాయణ', 'మిస్సమ్మ'... ఈ సినిమాల పాటలు చెవినపడని తెలుగిల్లు ఉండదేమో! వాటికి బాణీలు కట్టిన సాలూరి రాజేశ్వరరావు అసలు పాటగాడు. మీసాలు రాకముందే గ్రామఫోను రికార్డులకెక్కిన గాయకుడు. మరి ఆ గొంతు తర్వాత ఏమైంది?

సాలూరు అంటే ఇవాళ లారీలే గుర్తొస్తాయి. విశాఖపట్నం నుంచి రాయపూర్ వెళ్ళే జాతీయ రహదారి మీద, ఒడిశా ఘాట్‌రోడ్డు ఎక్కేముందు వచ్చే ఊరది. వీధివీధికీ లారీ యజమానులు, డ్రైవర్లు, బాడీలు కట్టే షెడ్లు. వేగావతి ఒడ్డునున్న ఈ పట్నానికి బొబ్బిలి నుంచి చిన్న రైలు మార్గం వేసి వందేళ్ళు దాటింది.

కానీ ఈ ఊరికి ఇంకో పేరుంది. పాటలు ఇష్టపడేవాళ్ళ దగ్గర 'సాలూరు' అని చూడండి, లారీల ఊసు రాదు. 'ఆహా... రాజేశ్వరరావు!' అంటారు. సాలూరుకి దగ్గర్లోని శివరామపురం ఆయన సొంతూరు. పుట్టింది 1922 అక్టోబరు 11న. అప్పట్లో ఆ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో విశాఖపట్నం జిల్లా. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్ళింది. 1979లో విజయనగరం జిల్లా అయింది. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఇన్ని జిల్లాలు మారినా ఆ ఊళ్ళ గాలిలో పాట మాత్రం మారలేదు.

మద్దెల మోగే ఇల్లు

రాజేశ్వరరావు తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసుడు. వయొలిన్‌తో దేశాన్ని మెప్పించిన ద్వారం వెంకటస్వామినాయుడి కచేరీల్లో మృదంగం వాయించినవారు. పాటలు కూడా రాసేవారు. అన్నయ్య హనుమంతరావుకీ సంగీతమే ప్రాణం. తర్వాతి కాలంలో ఆయన కూడా తెలుగు, కన్నడ సినిమాలకి సంగీత దర్శకుడయ్యారు.

అలాంటి ఇంట్లో పిల్లలకి ఆటవస్తువులేముంటాయి? హార్మణీ, తబలా, మృదంగం, ఢోలక్... చేతికి ఏది దొరికితే అది వాయించడమే. పలకా బలపం పట్టే వయసులోనే అన్నదమ్ములిద్దరూ ఊరూరా తిరిగి హరికథలు చెప్పారు. హరికథంటే వట్టి పాట కాదు. కథ చెప్పాలి, పద్యం చదవాలి, నవ్వించాలి, చిందెయ్యాలి. ఎదురుగా కూర్చున్న జనం ఎప్పుడు ఊగుతున్నారో, ఎప్పుడు ఆవులిస్తున్నారో కనిపెట్టాలి. ఉత్తరాంధ్రలో ఆ విద్యకి ఆదిభట్ల నారాయణదాసుని మించిన పెద్దదిక్కు లేదు. 1919లో విజయనగరం సంగీత కళాశాల మొదలైనప్పుడు తొలి అధ్యక్షులు ఆయనే. 1936లో ఆ బాధ్యత ద్వారంవారికి వచ్చింది. శివరామపురం కుర్రాడు పెరిగిన గాలి అది.

లక్కపళ్ళెంలో భగవద్గీత

ఈ బాలగాయకుడి పేరు ఆనోటా ఈనోటా బెంగళూరుదాకా పాకింది. అక్కడ హచిన్స్ అనే గ్రామఫోను రికార్డుల కంపెనీ ఉండేది. 1933లో ఆ కుర్రాణ్ణి పిలిపించి పాడించింది. అప్పటికి అతనికి పదకొండేళ్ళు. పాటలతోపాటు భగవద్గీతా శ్లోకాలు కూడా అతని గొంతులో రికార్డు చేశారు.

గ్రామఫోను అంటే ఇప్పటి పిల్లలకి బొమ్మల్లో చూడటమే. చెక్కపెట్టె, దానికో పెద్ద బాకా. పక్కనున్న పిడి తిప్పి కీ ఇస్తే పళ్ళెం తిరుగుతుంది. రికార్డుని లక్కతో చేసేవారు. చేయి జారితే పెంకులా పగిలిపోయేది. నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. ఒక వైపు మూడు నిమిషాలు, మహా అయితే ఇంకొంచెం. పాట అవగానే రికార్డు తిరగెయ్యాలి, పదును పోయిన సూది తీసి కొత్తది పెట్టాలి.

ఆ మూడు నిమిషాలే పాట రాత మార్చేశాయి. నాటకంలో నటుడు ఒక్క పద్యాన్నే పావుగంట సాగదీసినా అడిగేవాళ్ళుండరు. జనం 'వన్స్‌మోర్' అంటే మళ్ళీ మొదలెడతాడు. రికార్డు మీద ఆ పప్పులుడకవు. పల్లవి ఎత్తుకోగానే మనసుకి పట్టాలి. చరణాలు పొందిగ్గా అమరాలి. మూడో నిమిషం దాటేలోపు పాట ముగిసిపోవాలి.

ఆ రికార్డులే అతనికి సినిమా తలుపు తీశాయి. 1935లో వచ్చిన 'శ్రీకృష్ణలీలలు'లో కృష్ణుడి వేషం దక్కింది. కంసుడెవరో తెలుసా? రంగస్థలాన్ని గడగడలాడించిన వేమూరి గగ్గయ్య! ఆ మరుసటి ఏడాది 'మాయాబజార్'లో అభిమన్యుడు. 'శశిరేఖా పరిణయం' అని కూడా పిలిచే ఈ సినిమాకీ, 1957 నాటి విజయావారి చిత్రానికీ కథే బంధువు.

గొంతు చించుకోనక్కర్లేదు

నాటకాల కాలంలో మైకుల్లేవు. ఆఖరి వరసలో చాపమీద కూర్చున్నవాడికి వినబడాలంటే నటుడు శ్రుతి పెంచాలి, గొంతు చించుకోవాలి. మంచి గాయకుడంటే పెద్ద గొంతున్నవాడే. తొలి టాకీల్లో పాటలు కూడా ఆ ధోరణిలోనే నడిచాయి.

1925 నుంచి విద్యుత్తుతో రికార్డింగు చేసే పద్ధతి వచ్చింది. గాయకుడికీ యంత్రానికీ మధ్య మైకు చేరింది. చెవిలో చెప్పినట్టు పాడినా అది పట్టుకుంటుంది. ఊపిరి తీసుకోవడం, మాట చివర చిన్న వణుకు... అన్నీ రికార్డుకెక్కుతాయి. అమెరికాలో బింగ్ క్రాస్బీ ఆ కిటుకు పట్టుకుని దేశాన్ని ఊపేశాడు. కలకత్తాలో కుందన్‌లాల్ సైగల్ కూడా అదే దారిలో నడిచాడు.

మన కుర్రాడు నేరుగా ఆ కలకత్తాకే వెళ్ళాడు. 1930ల రెండో సగం అది. సినిమా పని మీద వెళ్ళి సుమారు ఏడాదిపాటు అక్కడే ఉండిపోయాడు. న్యూ థియేటర్స్‌లో సైగల్, పంకజ్ మల్లిక్, రాయ్‌చంద్ బోరల్ వెలిగిపోతున్న రోజులు. సైగల్ పాడే తీరు దగ్గరుండి గమనించాడు. హిందుస్థానీ సంగీతం ఒంటబట్టించుకున్నాడు. పాశ్చాత్య వాయిద్యాల్ని మన రాగాల పక్కన ఎలా కూర్చోబెట్టాలో బోరల్, మల్లిక్‌ల దగ్గర నేర్చాడు. మద్రాసు తిరిగొచ్చేసరికి ఆ చేతిలో హరికథ, కర్ణాటక, హిందుస్థానీ, బెంగాలీ గీతం, వయొలిన్ల బృందం... ఇన్ని ఉన్నాయి. వయసు ఇరవై లోపే!

సినిమాతో పనిలేని పాటలు

అక్కణ్నుంచి దాదాపు పదేళ్ళు రాజేశ్వరరావు గాయకుడిగా వెలిగిన కాలం. సినిమాలతో సంబంధం లేకుండా, రికార్డుల కోసమే పాటలు పాడారు. బాణీలూ ఆయనవే. కొన్ని ఒంటరిగా, కొన్ని రావు బాలసరస్వతీదేవితో కలిసి. ఆమె గొంతు తేనె, ఆయన గొంతు వెన్న అన్నట్టుండేవి ఆ యుగళగీతాలు. 'పాట పాడుమా కృష్ణా' అప్పటిదే. ఎనభై ఏళ్ళ తర్వాత కూడా లలిత సంగీతం పోటీల్లో పిల్లలు దాన్ని పాడుతూనే ఉన్నారు.

మాటలకి ఆధారం భావకవిత్వం. కృష్ణశాస్త్రి, బసవరాజు అప్పారావు, నండూరి సుబ్బారావుల కవిత్వం చదివి కాలేజీ కుర్రాళ్ళు ఊగిపోతున్న రోజులవి. 1940లో గూడవల్లి రామబ్రహ్మం 'ఇల్లాలు' తీసినప్పుడు బసవరాజు గీతాలకి రాజేశ్వరరావు బాణీలు కట్టారు. అందులో బాలసరస్వతితో కలిసి పాడారు కూడా. కచేరీ కీర్తనకీ నాటక పద్యానికీ మధ్య ఖాళీగా ఉన్న చోటులో కొత్త మొక్క మొలిచింది. దానికే లలిత సంగీతం అని పేరు. 1938లో మద్రాసులో ఆకాశవాణి కేంద్రం వచ్చింది, ఆ మొక్కకి నీళ్ళు పోసింది.

ప్రతి దేశంలోనూ కుర్రకారుకి 'ఇది మా గొంతు' అనిపించే గాయకుడు ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు. బ్రిటన్‌లో రాకెన్‌రోల్ మొదలైనప్పుడు ఆ ముచ్చట తీర్చినవాళ్ళలో క్లిఫ్ రిచర్డ్ ఒకడు. తమాషా ఏంటంటే, అతను పుట్టింది 1940లో మన లక్నోలోనే! 1958లో 'మూవ్ ఇట్' రికార్డుతో పేరు తెచ్చుకునేనాటికి పద్దెనిమిదేళ్ళవాడు. అక్కడ చేతిలో గిటారు, కాళ్ళలో ఊపు. మన దగ్గర అంతకు చాలా ముందే వచ్చిన గొంతులో యమునాతీరం, వెన్నెల, విరహం. రెండుచోట్లా సంగతి మాత్రం ఒకటే. పెద్దవాళ్ళ కచేరీ నుంచి పాటని పిల్లల గదిలోకి తెచ్చింది రికార్డే.

తేడా ఎక్కడొచ్చిందంటే... క్లిఫ్ ఆ తర్వాత కూడా గాయకుడిగానే బతికాడు. రాజేశ్వరరావు అలా బతకలేదు.

మైకుకి అటువైపు

సంగీత దర్శకుడిగా ఆయన పేరు తొలిరోజుల్లో కనిపించే తెలుగు సినిమా 1939 నాటి 'జయప్రద'. తర్వాత జెమినీ స్టూడియో పిలిచింది. 1942లో 'బాలనాగమ్మ'. 1948లో ఎస్.ఎస్.వాసన్ 'చంద్రలేఖ'. పెద్దపెద్ద ఢంకాల మీద వందలమంది నర్తకులు ఆడే ఆ ఘట్టాన్ని దేశమంతా నోరు తెరుచుకుని చూసింది. ఎం.డి.పార్థసారథితో కలిసి ఆ సినిమాకి సంగీతం సమకూర్చినప్పుడు మన శివరామపురం అబ్బాయికి పాతికేళ్ళు.

అదే సమయంలో సినిమా పాట పద్ధతే మారిపోయింది. తొలి టాకీల్లో నటులే పాడాలి. కెమెరా ముందు నోరు విప్పితే అదే పాట. 1940ల్లో నేపథ్యగానం స్థిరపడింది. మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది. పాడగలిగే నటుడి అవసరం తీరింది. వేషం కట్టి, పాడి, బాణీ కట్టిన మనిషి ఇక ఏదో ఒక చోట కూర్చోవాలి. రాజేశ్వరరావు బాణీ దగ్గర కూర్చున్నారు. సొంత గొంతు వినిపించడం క్రమంగా తగ్గిపోయింది.

ఇది నష్టమా? ఆ రికార్డులు విన్నవాళ్ళు నష్టమనే అంటారు. కానీ తర్వాత ఆయన కట్టిన పాటల్ని ఒకసారి ఆ రికార్డుల పక్కన పెట్టి వినండి. ఇంకో సంగతి బోధపడుతుంది.

1951 డిసెంబరులో వచ్చిన 'మల్లీశ్వరి'ని తీసుకోండి. బి.ఎన్.రెడ్డి దర్శకత్వం, దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలు, పాటలు. ఎన్టీఆర్‌కి ఘంటసాల గొంతు. భానుమతి పాటలు ఆవిడే పాడుకున్నారు. మేఘంతో కబురంపే యుగళగీతంలో ఘంటసాల తన గొంతుని ఎంత మెత్తగా వాడారో గమనించండి. పద్యం ఎత్తుకుంటే పందిరి అదిరే గొంతది. ఇక్కడ చెవిలో చెప్పినట్టు ఉంటుంది. పదేళ్ళ కిందట రికార్డుల్లో వినిపించిన పద్ధతి అదే!

ఆ తర్వాత 1954లో 'విప్రనారాయణ'. అక్కినేనికి ఎ.ఎం.రాజా పాడారు. 1955లో 'మిస్సమ్మ'. ఎన్టీఆర్‌కి కూడా రాజాయే. మెత్తటి, పట్టులాంటి గొంతు. శ్రుతి పెంచడం, గంభీరంగా గర్జించడం ఉండదు. చెవికి ఒకటే అనిపిస్తుంది. ఒకప్పుడు తాను పాడిన తీరుని సాలూరివారు ఇక్కడ ఇంకొకరి నోట పలికిస్తున్నారని. 'మిస్సమ్మ'లోని బృందావనం పాట ఎంత నచ్చిందంటే, 1957లో హిందీ 'మిస్ మేరీ'కి హేమంత్‌కుమార్ సంగీతమిచ్చినా ఆ ఒక్క బాణీనీ అలాగే ఉంచేశారు.

పియానో పాటల్లో కూడా ఆ నేర్పే కనిపిస్తుంది. 1964లో బి.ఎన్.రెడ్డి 'పూజాఫలం'లో జానకి పాడిన వెన్నెల పాట వింటే, పాశ్చాత్య వాయిద్యం మన రాగానికి అడ్డు రాకుండా దారి ఇవ్వడమంటే ఏమిటో తెలుస్తుంది. గొంతుకి ఎక్కడ ఊపిరి కావాలో తెలిసినవాడు మాత్రమే వాయిద్యాల్ని అక్కడ ఆపగలడు. ఆ ఎరుక గాయకుడిగా వచ్చిందే.

ఒకే గాలి, మూడు గొంతులు

'మల్లీశ్వరి' పాటల వెనక ఇంకో కథ కూడా ఉంది.

ఘంటసాల వెంకటేశ్వరరావు పుట్టింది 1922 డిసెంబరులో, కృష్ణాజిల్లాలో. రాజేశ్వరరావు కన్నా రెండు నెలలు చిన్న. సంగీతం నేర్చుకోవాలని విజయనగరం వచ్చి, మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నారు. చేరదీసి పాఠం చెప్పిన గురువు పట్రాయని సీతారామశాస్త్రి. ఆయన్ని అందరూ 'సాలూరు చిన గురువుగారు' అనేవారు. అవును, అదే సాలూరు! తండ్రి నరసింహశాస్త్రి 'పెద గురువుగారు'.

ఒకరు సాలూరు నుంచి మద్రాసు వెళ్ళారు. ఇంకొకరు కృష్ణాతీరం నుంచి వచ్చి సాలూరు గురువు దగ్గర నేర్చుకుని మద్రాసు వెళ్ళారు. ఇద్దరూ స్టూడియోలో మైకుకి చెరో పక్కన నిలబడ్డారు. ఇంకా కావాలా? 1935లో విజయనగరంలో పుట్టి, అక్కడి సంగీత కళాశాలలో చదువుకున్న పి.సుశీల పేరు తెలుగునాట మారుమోగడానికి తోడ్పడిన సినిమాల్లో 'మిస్సమ్మ' ఒకటి. తెలుగు సినిమా పాటకి స్వర్ణయుగం అని మనం చెప్పుకునేదాంట్లో సగం సరుకు ఈ నేల నుంచి వెళ్ళిందే.

భగవద్గీత సంగతి కూడా అలాంటిదే. 1970ల్లో ఘంటసాల గొంతులో వచ్చిన గీతే ఇవాళ ప్రతి ఊళ్ళో వినిపిస్తుంది. దానికి దాదాపు నలభయ్యేళ్ళ ముందు శివరామపురం పిల్లవాడు లక్క రికార్డు మీద పాడిన గీత ఎంతమందికి తెలుసు?

సొంతూరి కథకి రెండుసార్లు

రాజేశ్వరరావుకి సొంతూరి పాట పెట్టే అవకాశం రెండుసార్లు వచ్చింది. 1757లో జరిగిన బొబ్బిలి యుద్ధం మీద 1964లో 'బొబ్బిలి యుద్ధం' తీశారు. ఎన్టీఆర్ రంగారాయుడు. 1986లో 'తాండ్ర పాపారాయుడు' వచ్చింది. కృష్ణంరాజు కథానాయకుడు. ఇరవై రెండేళ్ళ తేడాతో వచ్చిన ఈ రెండు సినిమాలకీ సంగీతం ఆయనదే. ఆ కోట ఆయన పుట్టిన ఊరికి కూతవేటు దూరం. బుర్రకథల్లో, వీధి గాయకుల నోట చిన్నప్పట్నుంచీ ఆ నేల మీద మోగుతున్న కథ అది.

ఇవే కాదు, ఆయన సంగీతంతో ఎన్నెన్ని వచ్చాయి! 'చెంచులక్ష్మి', 'ఇద్దరు మిత్రులు', 'భీష్మ', 'డాక్టర్ చక్రవర్తి', 'అమరశిల్పి జక్కన', 'రంగులరాట్నం', 'కురుక్షేత్రం'... ఒక్కోదాని మీద ఒక్కో వ్యాసం రాయొచ్చు. 1992లో రఘుపతి వెంకయ్య పురస్కారం అందుకున్నారు. 1999 అక్టోబరులో కన్నుమూశారు. కొడుకులు వాసూరావు, కోటి సంగీత దర్శకులుగా ఆ ఇంటిపేరుని తెరమీద నిలిపారు.

పెంకు పగలకముందే

సినిమా పాటలకి చావులేదు. టీవీలో వస్తాయి, సెల్‌ఫోన్లో వస్తాయి, పెళ్ళి మేళంలో కూడా వస్తాయి. ఆయన పాడిన ప్రైవేటు రికార్డులకి అంత అదృష్టం లేదు. వాటి వెనక తెర లేదు, హీరో లేడు. కొన్నది గ్రామఫోను ఉన్న కొద్దిమంది. లక్క రికార్డు వాడేకొద్దీ సూది గీతలకి అరిగిపోతుంది, పట్టు తప్పితే పగిలిపోతుంది. పాత రికార్డులు సేకరించేవాళ్ళు ఓపిగ్గా దుమ్ము తుడిచి, కంప్యూటర్లోకి ఎక్కించి పంచిపెట్టబట్టే కొన్నయినా మనకి వినిపిస్తున్నాయి. అటకల మీద, పాత ట్రంకు పెట్టెల్లో ఇంకా కొన్ని ఉండే ఉంటాయి. తాతగారి సామాన్లు పాతసామాన్లవాడికి వేసేముందు ఒకసారి చూడాలి మరి!

దొరికితే ఒకటి వినండి. ముందు కాసేపు బరబరమని సూది చప్పుడు. ఆ వెనక సన్నగా వయొలిన్లు. తర్వాత ఒక కుర్రవాడి గొంతు... తొందర లేదు, ఆర్భాటం లేదు. మూడు నిమిషాలు మన పక్కనే కూర్చుని పాడి వెళ్ళిపోతుంది. మల్లీశ్వరిలో నాగరాజు పాడినప్పుడు, మిస్సమ్మలో వెన్నెల కాసినప్పుడు ఈ గొంతు ఎక్కడో విన్నామే అనిపిస్తుంది. నిజమే, విన్నాం. ఘంటసాల వెనక, రాజా వెనక, సుశీల వెనక ఇన్నేళ్ళూ పాడింది సాలూరు కుర్రాడే.